మీ యజమాని ఎవరు? జీతం తగాదాలో తొలి ప్రశ్న ఇదే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: పనిచేసిన చోట జీతం బకాయి అడిగిన కార్మికుడికి ఎదురయ్యే జవాబు మూడు పట్టణాల్లోనూ ఒక్కటే. మాటలు మాత్రమే వేరు. పెనుకొండ పరిసర కర్మాగారాల్లో ‘కాంట్రాక్టరును అడుగు’ అంటారు. ధర్మవరంలో ‘నీవు జీతగాడివి కాదు, చీరకింత అని ఒప్పుకొని నేసినవాడివి’ అంటారు. హిందూపురంలో ‘మా ఆఫీసు బెంగళూరులో ఉంది, అక్కడ తేల్చుకో’ అంటారు. నీకు మేము యజమానులం కాము అన్నదే ఈ మూడింటి సారాంశం. రావలసినది ఎంత, ఎన్ని నెలలది అన్న లెక్క మొదలు కాకముందే చాలా వివాదాలు ఇక్కడే ఆగిపోతాయి.

ఆ జవాబు విని వెనుదిరగవలసిన అవసరం చాలా సందర్భాల్లో లేదు. యజమాని ఎవరన్నది ఒకరు నోటితో చెబితే తేలే విషయం కాదు. పని ఎవరి కోసం, ఎవరి ఆజ్ఞ మేరకు, ఎవరి సామగ్రితో జరిగిందన్న దాన్నిబట్టి చట్టం తేలుస్తుంది. ఈ సంగతి తెలియక వదులుకున్న బకాయిలకు లెక్కాపత్రం ఉండదు. రెండు నెలల జీతం అంటే కోర్టు దృష్టిలో చిన్న మొత్తమే కావచ్చు. బాడుగ ఇంట్లో ఉండి పిల్లలను చదివించుకొనే కుటుంబానికి అది చిన్నది కాదు.

మారిన చట్టాలు

ముందుగా ఒక మార్పును గమనించాలి. ఇప్పటికీ పలువురు అర్జీల్లో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పేర్లే రాస్తున్నారు. ఇవి, బోనస్, గ్రాట్యుటీ, ఫ్యాక్టరీల చట్టాలతో కలిపి మొత్తం 29 కేంద్ర చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌ను పార్లమెంటు 2019లో, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత కోడ్‌లను 2020లో ఆమోదించింది. కొత్త నియమాలు వచ్చే వరకు పాత నియమాలు కోడ్‌లకు విరుద్ధం కానంత మేరకు కొనసాగుతాయి. పాత చట్టం పేరు రాసినంత మాత్రాన హక్కు పోదు. గడువులు మాత్రం మారాయి. కొన్ని పెరిగాయి, ఒక ముఖ్యమైన గడువు తగ్గింది.

కార్మిక సంఘాలు ఈ కోడ్‌లను గట్టిగానే వ్యతిరేకించాయి. కార్మికులను తొలగించేందుకు, సంస్థ మూసివేసేందుకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యే పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచడం ఆ అభ్యంతరాల్లో ప్రధానమైనది. మన జిల్లాలోని చిన్న, మధ్యతరహా పరిశ్రమలను చూస్తే ఆ విమర్శను తేలికగా తీసివేయలేము. అయితే జీతం బకాయిల విషయంలో వేతనాల కోడ్ పాత చట్టాల కన్నా కొంత మేలు చేసింది. పాత వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయలు దాటిన వారికి వర్తించేది కాదు. కనీస వేతనాల చట్టం ప్రభుత్వం జాబితాలో చేర్చిన పనులకే పరిమితం. ఇప్పుడు ఆ రెండు అడ్డుగోడలూ లేవు. 

గేటు లోపల పని, గేటు బయట యజమాని

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించాక చుట్టుపక్కల విడిభాగాల పరిశ్రమలు వెలిశాయి. వాహన పరిశ్రమ దేశంలో ఎక్కడ ఉన్నా దాని కొలువు తీరు ఒకేలా ఉంటుంది. శాశ్వత ఉద్యోగులు కొందరు, కాంట్రాక్టరు ద్వారా వచ్చేవారు కొందరు, అప్రెంటిస్‌లు, ట్రైనీలు మరికొందరు. ఒకే లైనులో పక్కపక్కన నిలబడి పనిచేస్తున్నా జీతం ఇచ్చే చేతులు వేరు. పెద్ద పరిశ్రమల మాట అటుంచి, హిందూపురం శివారులోని తూముకుంట, గోళ్లాపురం పారిశ్రామికవాడల్లో ఉన్న చిన్న యూనిట్లలోనూ కాపలా, లోడింగ్, ప్యాకింగ్ వంటి పనులు కాంట్రాక్టర్ల చేతుల్లోకి పోవడం కొత్తేమీ కాదు.

కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ఎవరిని అడగాలి? వేతనాల కోడ్ 43వ సెక్షన్ దీనికి సూటిగా జవాబిస్తుంది. జీతం చెల్లించవలసిన బాధ్యత నియమించినవారిదే. వారు చెల్లించకపోతే ఏ సంస్థలో పని జరిగిందో ఆ సంస్థ యజమాని చెల్లించాలి. వృత్తి భద్రత కోడ్‌లోని 55వ సెక్షన్ కూడా ప్రధాన యజమానిపై ఇదే భారం మోపింది. ఆ మొత్తాన్ని కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన బిల్లులో కోసుకొనే వీలు యజమానికి ఉంది. అంటే ఆ లెక్క వారిద్దరి మధ్యది, కార్మికుడిది కాదు. 50 మంది, అంతకుమించి కాంట్రాక్టు కార్మికులున్న చోట్లకే కాంట్రాక్టు కార్మికుల ప్రత్యేక నిబంధనలు వర్తిస్తాయని కొందరు మేనేజర్లు వాదిస్తారు. అది నిజమే. కానీ 43వ సెక్షన్‌కు ఆ సంఖ్యతో పనిలేదు.

కాబట్టి ఫిర్యాదులో కాంట్రాక్టరు పేరు ఒక్కటే రాయడం పెద్ద పొరపాటు. కాంట్రాక్టర్లు మారిపోతుంటారు. బోర్డు తిప్పేసి మరో పేరుతో మళ్లీ వస్తుంటారు. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోదు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఏ గేటు నుంచి లోపలికి వెళ్లారో, ఏ విభాగంలో పనిచేశారో, రోజువారీ పని పురమాయించిన సూపర్‌వైజరు ఏ సంస్థ ఉద్యోగో అర్జీలో వివరంగా రాస్తే సంస్థ తప్పించుకోవడం కష్టం.

ట్రైనీల సంగతి ఇంకొకటి. ఐటీఐ, డిప్లొమా చదివిన యువకులను ట్రైనీ పేరిట తీసుకొని, ‘నీకు ఇచ్చేది స్టైపెండ్, జీతం కాదు’ అనడం పరిపాటి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నియమితులైన వారిని మాత్రమే వేతనాల కోడ్ ఉద్యోగి నిర్వచనం నుంచి మినహాయించింది. ఆ చట్టం ప్రకారం ఒప్పందం రాసి నమోదు చేయించవలసి ఉంటుంది. ఆ నమోదు లేకుండా ఉత్పత్తి పనిలో పెట్టి ట్రైనీ అని పిలిచినంత మాత్రాన కనీస వేతనం ఎగ్గొట్టే వీలు లేదు. కార్డు మీద ఏ హోదా ముద్రించారన్న దాని కన్నా చేతితో ఏ పని చేయించారన్నదే ముఖ్యం.

చీరకింత అన్నా కూలే

ధర్మవరం పట్టు మగ్గాల వ్యవహారం దీనికన్నా చిక్కైనది. మాస్టర్ వీవరు పడుగు, పేక, జరీ ఇస్తాడు. డిజైను చెబుతాడు. చీర తెగ్గొట్టి అప్పగించాక కూలి లెక్క చూస్తాడు. అందులో అడ్వాన్సు కింద కొంత, నేతలో లోపం ఉందని కొంత కోస్తాడు. నెల జీతం, హాజరుపట్టీ, పనివేళలు ఏవీ ఉండవు. అందువల్ల ఇది ఉద్యోగం కాదు, వ్యాపార ఒప్పందం అన్న మాట నేతన్నల్లోనూ నాటుకుపోయింది.

ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు 1973లో ఇచ్చిన తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనిదే. సికింద్రాబాద్‌లోని సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్‌లో దర్జీలకు కుట్టిన దుస్తుకింత చొప్పున చెల్లించేవారు. వేళకు రావాలన్న కట్టుబాటు లేదు. రానినాడు సెలవు చీటీ అవసరం లేదు. కొందరు బట్ట ఇంటికి తీసుకువెళ్లి కుట్టేవారు. వేరే కొట్టులో పనిచేయవద్దన్న నిబంధన కూడా లేదు. అందువల్ల వారు తమ ఉద్యోగులు కారని యజమానులు వాదించారు. జస్టిస్ కె.కె. మాథ్యూ రాసిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. కుట్టు మిషన్లు కొట్టువి. చెప్పిన తీరుగా కుట్టకపోతే తిరస్కరించే, మళ్లీ కుట్టమనే అధికారం యజమానిది. అదే అజమాయిషీకి గుర్తు అని, ఆ దర్జీలు దుకాణాల చట్టం కింద ఉద్యోగులేనని కోర్టు తేల్చింది.

ఆ కొలబద్దను ధర్మవరం మగ్గానికి పెట్టి చూడండి. యజమాని షెడ్డులో, యజమాని మగ్గం మీద, ఆయన ఇచ్చిన పట్టుతో, ఆయన చెప్పిన డిజైనులో నేసి, లోపముంటే కూలి కోయించుకొనే నేత కార్మికుడికీ ఆ దర్జీకీ తేడా కనిపించదు. సొంత ఇంట్లో, సొంత మగ్గం మీద, ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు నేసేవారి పరిస్థితి వేరు. వారి వాదన బలహీనమవుతుంది. అయినా సామగ్రి ఎవరిది, తిరస్కరించే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు అక్కడా వేయవలసినవే.

ఉద్యోగి అని తేలితే లాభమేమిటి? వేతనాల కోడ్ 12వ సెక్షన్ ప్రకారం, పనికింత అని చెల్లించే చోట కనీస ముక్కకూలి ప్రత్యేకంగా నిర్ణయించకుండా రోజుకింత అన్న కనీస వేతనం మాత్రమే నిర్ణయించి ఉంటే, ఆ రోజుకూలి కన్నా తక్కువ ఇవ్వరాదు. చీర నేయడానికి పది రోజులు పడితే, ఇచ్చే కూలి పది రోజుల కనీస వేతనం కన్నా తగ్గకూడదు. ఇంటివద్ద కండెలు చుట్టి, పోగులు అతికి, పక్కన కూర్చొని పేక అందించే ఇల్లాలి శ్రమ ఏ ఖాతాలోనూ లేదు. చీర కూలిని ఒక్కరి కూలిగా చూస్తే కొంత గిట్టుబాటుగా కనిపించవచ్చు. ఇద్దరి రోజులుగా విడదీస్తే అసలు రంగు బయటపడుతుంది. క్లెయిము వేసేవారు ఈ రెండో లెక్క కూడా చూపాలి.

అడ్వాన్సు విషయానికి వస్తే, ఇచ్చిన బాకీని వాయిదాల్లో కోసుకోవడం నేరం కాదు. అయితే అన్ని కోతలూ కలిపి ఆ కాలపు వేతనంలో సగానికి మించరాదు. బాకీ తీరేదాకా వేరే చోటికి పోరాదు, మా మగ్గమే తొక్కాలి, మేమిచ్చిన కూలే తీసుకోవాలి అని కట్టడి చేస్తే వ్యవహారం మారిపోతుంది. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం కింద అటువంటి బాకీయే చెల్లదు. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకొనే పని రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. వెట్టి ఫిర్యాదును విచారించే అధికారం కలెక్టరుకు, ఆయన నియమించిన అధికారులకు ఉంటుంది.

సరిహద్దు దాటిన కొలువులు

హిందూపురం నుంచి రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపుర, యలహంక. ఇల్లు ఆంధ్రలో, పని కర్ణాటకలో ఉన్నవారు, బెంగళూరు యాజమాన్యాల కింద ఇక్కడి యూనిట్లలో పనిచేసేవారు ఈ ప్రాంతంలో సహజం. సూత్రం ఒక్కటే. పని ఏ రాష్ట్రంలో జరిగిందో ఆ రాష్ట్రపు కనీస వేతనమే వర్తిస్తుంది. ఆ ప్రాంతపు కార్మిక శాఖకే ఫిర్యాదు చేయాలి. హెడ్డాఫీసు ఎక్కడుందన్నది అప్రస్తుతం. గోళ్లాపురంలో కుట్టిన చొక్కాకు బెంగళూరులో తేల్చుకోమనడం కుదరదు. అలాగే దొడ్డబళ్లాపురలో పనిచేసినవారు హిందూపురం అధికారికి అర్జీ ఇచ్చి నెలల తరబడి ఎదురుచూడటమూ వృథా.

సరిహద్దు అవతలి ఉదంతమొకటి దుస్తుల పరిశ్రమలో పనిచేసే మహిళలు తెలుసుకోదగినది. 2020 ఏప్రిల్ నుంచి కనీస వేతనంలో కలవవలసిన కరవు భత్యాన్ని కర్ణాటక ప్రభుత్వం కోవిడ్ పేరిట వాయిదా వేసింది. హైకోర్టు జోక్యం చేసుకొని చెల్లించాలని చెప్పినా పలు ఫ్యాక్టరీలు చెల్లించలేదు. నెలకు సుమారు 417 రూపాయలు. ఒక్కరికి చూస్తే కూరగాయల ఖర్చు. నాలుగు లక్షల మందికి చూస్తే కోట్లు. ఆ దుస్తులు కొనే విదేశీ కంపెనీల ఎదుట వర్కర్ రైట్స్ కన్సార్టియం అనే సంస్థ ఈ లెక్క పెట్టడంతో 2021 చివర నుంచి బకాయిలు కదిలాయి. కరవు భత్యం ఏప్రిల్, అక్టోబరుల్లో మారే ఆనవాయితీ మన రాష్ట్రంలోనూ ఉంది. మార్చి జీతం చీటీని, మే నెలలో చేతికొచ్చే ఏప్రిల్ చీటీని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కలిపారో లేదో ఇట్టే తెలుస్తుంది.

తేదీలు దాటితే

నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా చేతికందాలి. వారం కూలి వారంలోని చివరి పనిదినాన, రోజు కూలి ఆ షిఫ్టు ముగిసేసరికి ఇవ్వాలి. ఉద్యోగం నుంచి తొలగించినా, కార్మికుడే మానుకున్నా రావలసిన జీతమంతా రెండు పనిదినాల్లో ఇవ్వాలని 17వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలో ఈ రెండు రోజుల నియమం యజమాని తొలగించిన వారికే ఉండేది. రాజీనామా చేసిన వారిని ‘సెటిల్‌మెంటుకు నలభై రోజులు ఆగు’ అని తిప్పే పద్ధతికి ఇక చట్టంలో చోటు లేదు.

జీతం రాకపోయినా, తక్కువ వచ్చినా, అక్రమంగా కోసినా మూడేళ్లలోగా క్లెయిము వేయవచ్చు. పాత చట్టాల్లో ఇది ఆరు నెలలు, ఏడాది మాత్రమే. ఇందుకు ప్రభుత్వం నియమించిన గెజిటెడ్ అధికారి విచారిస్తారు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఆయనకు ఉంది. మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలి. ఇంకా ముఖ్యమైనది 59వ సెక్షన్. జీతం చెల్లించామని రుజువు చేయవలసిన భారం యజమానిదే. ‘ఇవ్వలేదని నీవే రుజువు చెయ్యి’ అని దబాయించేవారికి ఈ సెక్షన్ చూపాలి. అయితే అక్కడ పనిచేశానన్న ఆధారం మాత్రం కార్మికుడే తేవాలి.

తొలగింపుల గడువు దీనికి భిన్నం. 1947 చట్టం కింద తొలగించిన మూడేళ్ల దాకా లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది. ముందుగా కార్మిక శాఖలోని సామరస్య అధికారికి దరఖాస్తు చేయాలి. 45 రోజుల్లో రాజీ కుదరకపోతే తొలగింపునకు గురైన కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. సంఘం మద్దతు తప్పనిసరి కాదు. కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడే దాకా ఉన్న లేబర్ కోర్టులు, ట్రిబ్యునళ్లే కేసులు విచారిస్తాయని కేంద్రం 2025 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 నవంబరుకు ముందు తొలగించినవారు తమకు పాత గడువా, కొత్త గడువా అన్న మీమాంసకు తావివ్వకుండా రెండేళ్లలోపే దాఖలు చేసుకోవడం క్షేమం.

20 మంది, అంతకుమించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో సగం మంది కార్మికుల ప్రతినిధులు. ఏడాదిలోగా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో తేల్చాలి. చాలా చోట్ల ఈ కమిటీ కాగితానికే పరిమితం. అయినా ఒక అర్జీ ఇచ్చి నకలు దాచుకుంటే తరువాత పనికి వస్తుంది.

తొలగించామని చెప్పకుండా తొలగించడం

నేరుగా తొలగిస్తున్నామని రాసి ఇచ్చే యాజమాన్యాలు తక్కువ. గేటు వద్ద కార్డు లాక్కుంటారు. ఆర్డర్లు లేవు, పిలిచినప్పుడు రా అంటారు. లేదా తెల్ల కాగితంపై రాజీనామా రాయించుకుంటారు. పది రోజులు రాలేదు కాబట్టి పేరు కొట్టేశాం అంటారు.

చివరిదాని సంగతి సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో తేల్చింది. స్టాండింగ్ ఆర్డర్లలో అలా రాసుకున్నా, సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా గైర్హాజరు సాకుతో పేరు కొట్టేయడం చెల్లదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడిని మిగులు సిబ్బంది పేరిట తొలగించాలంటే కారణాలతో నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. దానితోపాటు పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఆఖరున చేరినవారే ముందుగా పోవాలి. 50 మంది, ఆపైన ఉన్న కర్మాగారంలో ఆర్డర్లు లేవని లే ఆఫ్ ప్రకటిస్తే ఏడాది సర్వీసున్న వారికి మూల వేతనం, కరవు భత్యాల్లో సగం చెల్లించాలి. బజారులోని దుకాణాలు, షోరూముల్లో పనిచేసేవారికి 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ఇప్పటికీ రక్షణే. ఆరు నెలలు దాటి పనిచేసినవారిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసు ఇవ్వకుండా పంపివేయరాదు.

బలవంతాన రాజీనామా రాయించుకుంటే ఆ రోజే, కాకపోతే మరునాడే, అది ఇష్టపూర్వకంగా రాసింది కాదని, ఉపసంహరించుకుంటున్నానని యజమానికి రాసి పంపాలి. నెలల తరువాత చెప్పే మాటకు విలువ తక్కువ. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఆ స్పీడ్ పోస్టు రసీదే ఇప్పుడు సాక్ష్యం. పనికి సిద్ధంగా ఉన్నానని వాట్సాప్‌లో పంపిన సందేశమైనా మేలే. ఫోను మార్చినా వాటిని చెరపకూడదు.

జీతం చీటీలోని మాయ

జీతం చీటీ ఇవ్వడం యజమాని దయ కాదు, బాధ్యత. నియామక పత్రం కూడా ప్రతి ఉద్యోగికీ ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ నిర్దేశించింది. చీటీలో మొదట చూడవలసింది మూల వేతనం. పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ భారం తగ్గించుకొనేందుకు మూల వేతనం చిన్నది చేసి అలవెన్సులు పెంచి చూపడం పాత ఎత్తు. ఇప్పుడు మొత్తం జీతంలో సగానికి మించిన అలవెన్సులను తిరిగి వేతనంలోనే కలిపి లెక్కించాలి. 15,000 రూపాయల జీతంలో మూల వేతనం, కరవు భత్యం కలిపి 6,000 అని చూపినా చట్టం లెక్కలో అది 7,500.

రోజుకు ఎనిమిది గంటలు దాటించి చేయించిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. నెలకు 13,000 రూపాయలు వచ్చే వ్యక్తికి 26 పనిదినాల లెక్కన రోజుకు 500, గంటకు 62.50 రూపాయలు. అదనపు గంటకు 125 రూపాయలు రావాలి. టీ, టిఫిన్ ఇచ్చాం కదా అంటే సరిపోదు. ఆలస్యానికో, తప్పుకో వేసే జరిమానా ఆ నెల వేతనంలో మూడు శాతానికి మించరాదు. సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా అదీ వేయరాదు. అయిదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. అదే 13,000 జీతగాడు ఆరేళ్లు చేసి మానితే 45,000 రూపాయలు. ఇంతకాలం నియామకమని రాసి తీసుకున్నవారికైతే ఏడాదికే ఈ హక్కు వచ్చింది. 30 రోజులు పనిచేసిన ఉద్యోగికి, ప్రభుత్వం నిర్ణయించిన జీతపు పరిమితికి లోబడి, కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలి. పండుగ మిఠాయి పెట్టె దానికి ప్రత్యామ్నాయం కాదు.

పీఎఫ్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. చీటీలో కోత కనిపిస్తే అది పాస్‌బుక్‌లో జమైందో లేదో మూడు నెలలకొకసారైనా ఫోనులో చూసుకోవాలి. ఉద్యోగి జీతంలో కోసి జమచేయకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం. సంస్థ మూతపడ్డాక కళ్లు తెరిస్తే రాబట్టుకోవడం దుర్లభం. పీఎఫ్ సొమ్ము వెనక్కి తీసుకోవడంపై ఆంక్షలు పెట్టినప్పుడు 2016 ఏప్రిల్‌లో బెంగళూరు దుస్తుల కార్మికులు, అత్యధికులు మహిళలు, రోడ్డెక్కారు. రెండు రోజుల్లో కేంద్రం ఆ నిబంధనను ఉపసంహరించుకుంది. కూలి కుటుంబానికి ఆ సొమ్ము ఏపాటిదో అంతకన్నా చెప్పనక్కరలేదు.

మహిళలకు మరో రెండు మాటలు. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు జీతంతో ఇవ్వాలి. ఆ సెలవులో ఉండగా తొలగించడం చట్టవిరుద్ధం. పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదును మూడు నెలల్లోగా సంస్థలోని అంతర్గత కమిటీకి ఇవ్వాలి. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోటైనా, యజమానిపైనే ఫిర్యాదైనా జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించాలి.

అర్జీ ఎక్కడ, ఎలా

చాలామంది మొదట పుట్టపర్తి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళుతున్నారు. వెళ్లడం తప్పు కాదు. కానీ అక్కడ ఇచ్చిన అర్జీ చట్టపరమైన క్లెయిము కాదు. రసీదు చేతిలో ఉందని నిశ్చింతగా కూర్చుంటే గడువు ఆగదు. కార్మిక శాఖ అధికారికి విడిగా దరఖాస్తు ఇవ్వాలి. అందులో చేరిన తేదీ, చేసిన పని, ఒప్పుకున్న జీతం, ఏ నెలకు ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్నది నెలవారీగా రాయాలి. న్యాయం చేయాలని రెండు పేజీలు రాసేకన్నా ఈ పట్టిక అరపేజీ ఎక్కువ పని చేస్తుంది. ముద్ర వేసిన నకలు తప్పక అడిగి తీసుకోవాలి.

పనిచేసినట్లు ఆధారాలు లేవని వెనుకాడేవారు ఎక్కువ. గేటు పాసు, ఈఎస్ఐ కార్డు, బ్యాంకు ఖాతాలో జమలు, ఫోన్ పే వివరాలు, షిఫ్టు సందేశాలు, కంపెనీ బస్సులో లేదా యూనిఫాంలో తీసిన ఫొటో, పక్కన పనిచేసిన ఇద్దరి వాంగ్మూలం, నేత కార్మికుడైతే కూలి రాసుకొనే చిట్టా పుస్తకం, ఇవన్నీ ఆధారాలే. ఒక్కరుగా వెళ్లే కన్నా అదే బకాయి ఉన్న నలుగురు కలిసి వెళితే అధికారి కూడా తనిఖీకి కదులుతారు. రిజిస్టరైన కార్మిక సంఘం వారి తరఫున క్లెయిము వేయవచ్చు.

న్యాయవాది ఖర్చుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికులు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. కోర్టు ప్రాంగణాల్లోని మండల న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్ల కాగితంపై దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని కేటాయిస్తారు. ఫోనులో సలహాకు టోల్‌ఫ్రీ నంబరు 15100. వెళ్లేటప్పుడు ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా వివరాలు, కార్మిక శాఖకు ఇచ్చిన అర్జీ ముద్ర నకలు వెంట తీసుకువెళ్లాలి.